చిలకపచ్చ గాజులు

ఇవాళ పొద్దున మా ఇంటి పైగదిలో, గోడ నిండా కట్టిన పచ్చబట్ట ముందు నిలబడి ఒక పెళ్ళికూతురు చెయ్యి పైకెత్తింది. మణికట్టు దగ్గరున్న మట్టిగాజులు గలగలమంటూ మోచేతి వైపు జారి, ఒకదాన్నొకటి తోసుకుని ఆగాయి. గాజుల కొట్టులో పుట్టి పెరిగినదాన్ని. ఏ రకం గాజు మోగిందో కళ్ళు మూసుకుని చెప్పగలను. చిన్నప్పుడు అదే నా గొప్ప. పెద్దయ్యాక కూడా చెప్పుకోవడానికి అంతకు మించింది దొరకలేదు. ఆ చప్పుడుకి కెమెరా మీది నా చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఏమైంది అక్కా? సరిగ్గా రాలేదా?" అంది పిల్ల.

"గాజులు ఏ రంగమ్మా?"

"రెడ్ అక్కా. గ్రీన్ వద్దని మీరే కదా మెసేజ్ పెట్టారు?"

ఎరుపే. నాకూ కనిపిస్తూనే ఉంది. అయినా దగ్గరికి వెళ్ళి, ఆ చెయ్యి పట్టుకుని, కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాను. పిల్ల కొంచెం జంకినట్టుంది. అమెరికాలో, మేముండే ప్లేనోలో పెళ్ళి వీడియోలు చవగ్గా ఎవరు తీస్తారా అని వెతుక్కుంటూ వచ్చింది. తీరా చూస్తే చెయ్యి చూసి జాతకం చెప్పే ఆవిడ దొరికిందనుకుని ఉంటుంది. ఆ పిల్లకి నేనేమీ చెప్పలేదు. చెప్పాలంటే వసుంధర గారి దగ్గర మొదలుపెట్టాలి.

వసుంధర గారి స్టూడియో న్యూజెర్సీలో, పిస్కాటవేలో ఉండేది. స్టూడియో అనేది పెద్ద మాట. వరసగా ఉన్న కొట్లలో ఇండియన్ కిరాణా కొట్టుకీ లాండ్రీకీ నడుమ ఇరుకైన రెండు గదులు. ముందు గదిలో కంప్యూటర్లు, వెనక గదిలో పచ్చబట్ట, దీపాలు. ఒక గోడ వైపు నుంచి కరివేపాకు వాసన, ఇంకో గోడ వైపు నుంచి సబ్బు వాసన. ఆవిడ అంతకుముందు సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసేవారట. లే ఆఫ్‌ల కాలంలో ఆ ఉద్యోగం పోయాక, తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకీ ఓణీల ఫంక్షన్లకీ వీడియోలు తియ్యడం మొదలుపెట్టారు. "అప్పుడు వాళ్ళ కోడ్‌లో తప్పులు వెతికేదాన్ని, ఇప్పుడు నా పనిలో నేనే వెతుక్కుంటున్నా. జీతం ఇచ్చేవాడు మారాడు, అంతే" అనేవారు. ఒంటరి మనిషి. పెళ్ళయిందో లేదో, అయి తెగిపోయిందో ఎవరూ అడిగే ధైర్యం చేసేవారు కాదు. చేతులకి గాజులుండేవి కావు. నా కళ్ళు ముందు చేతుల మీదికే వెళతాయి కాబట్టి మొదటిరోజే చూశాను. నేను చూడటం ఆవిడ చూసి, "కీబోర్డుకి తగులుతాయి" అన్నారు. ఆ సంగతి అక్కడితో ముగిసింది.

నేను మొదట ఆవిడ దగ్గరికి వెళ్ళింది మా పెళ్ళి క్యాసెట్‌ని డీవీడీ చేయించుకోవడానికి. ఎంతండీ అంటే చెప్పారు. నేను అందులో సగం చెప్పాను. మా తెనాలిలో అది మర్యాద. సగం అడగకపోతే కొనే ఉద్దేశమే లేదనుకుంటారు. ఆవిడ క్యాసెట్ తిరిగి నా చేతిలో పెట్టి తలుపు వైపు చూశారు.

"అదేంటండీ, బేరం కూడా ఆడరా?"

"ఆడను. ఎంతైతే న్యాయమో అంత ముందే చెప్పేస్తా. ఇద్దరికీ టైమ్ మిగులుతుంది."

"మిగిలిన టైమ్ పెట్టుకుని ఏం చేసుకోనండీ? నేను హెచ్ ఫోర్."

అప్పుడు నవ్వారు. తల కొంచెం పక్కకి తిప్పి, ఓరగా నన్ను చూశారు. కోడిపెట్ట గింజని చూసినట్టు చూస్తుందే ఈవిడ అనుకున్నాను. హెచ్ ఫోర్ అంటే ఏమిటో ఆవిడకి చెప్పక్కర్లేదు. భర్త ఉద్యోగం మీద వచ్చిన భార్యలకిచ్చే వీసా: దేశంలో ఉండొచ్చు, తినొచ్చు, మంచు ఎత్తిపోసుకోవచ్చు, ఉద్యోగం మాత్రం చెయ్యకూడదు. మాటలమ్మి బతికే ఇంట్లో పుట్టి, పగలంతా మాట్లాడే మనిషి లేకుండా అపార్ట్‌మెంట్‌లో కూర్చునే నాకు, ఆ రెండు గదుల్లోంచి బయటికి రాబుద్ధి కాలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళి, ఊరికే పక్కన కూర్చుని నేర్చుకుంటానన్నాను.

జీతమే లేనిచోట బేరమేముంటుంది అనుకుంటారేమో. ఆడాను. "మీరేది చేసినా ఎందుకు చేస్తున్నారో నాకు చెప్పాలి" అన్నాను.

"సరే. నేనెప్పుడు అడిగినా స్క్రీన్ మీద ఏం కనిపిస్తోందో నువ్వు పైకి చెప్పాలి. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా."

"అంతేనా?"

"అంతే. ఇంకోటి, నన్ను ఆంటీ అనకూడదు."

చవగ్గా కుదిరిందని ఆ రోజంతా మురిసిపోయాను.

ఆ పనేమిటో తెలియనివాళ్ళకి రెండు మాటలు. మనిషిని పచ్చబట్ట ముందు కూర్చోబెట్టి వీడియో తీస్తాం. కంప్యూటర్ అందులోని పచ్చదనాన్నంతా తీసేస్తుంది. మనిషి మిగులుతాడు, వెనక ఏమీ మిగలదు. ఆ ఏమీ లేని చోట గుడి గోపురం పెట్టుకోవచ్చు, సముద్రం పెట్టుకోవచ్చు. ఒక్కోసారి వెనక ఏం పెట్టాలో తేలకముందే వీడియో కావాలంటారు. అప్పుడు మనిషిని మాత్రమే, వెనక ఖాళీగా, ఫైలు చేసి పంపాలి. అలాంటిది మొదటిసారి నేనే చేసి పంపితే, మనిషి వెనక కాటుక పూసినట్టు నల్లగా వచ్చిందని అవతలి నుంచి ఫోన్. ఫైలు చేసేటప్పుడు రంగుల దగ్గర ఒకే పేరుతో రెండు వరసలుంటాయి. రెండోదాని చివర చిన్న ప్లస్ గుర్తు ఉంటుంది. అది పెడితే ఫైలు బాగా బరువెక్కుతుంది. రంగులన్నీ మొదటి దాంట్లోనే వస్తున్నాయి కదా, ఈ ప్లస్ దండగ అని తీసేశాను. మా నాన్న పెంపకం.

"ఆ ప్లస్ ఏంటో తెలుసా?" అన్నారు వసుంధర గారు. "ఎక్కడెక్కడ ఏమీ లేదో గుర్తు పెట్టుకునే చోటు. నువ్వు మిగిల్చానని సంబరపడింది దాన్నే."

"ఏమీ లేనిదానికి అంత బరువేంటండీ?"

"ఉంటుంది అమ్మాయ్. లేనిదాన్ని కూడా మొయ్యాలి. అదే ఎక్కువ బరువు."

ఇంకొక అలవాటు చేయించారు. పని అయిపోయిందనుకున్న ప్రతి వీడియోనీ తెల్ల గోడ మీద, నల్ల గోడ మీద, ఎర్ర గోడ మీద పెట్టి చూడాలి. గోడ అంటే ఆ రంగు ఖాళీ బొమ్మే, ఆవిడ అలా అనేవారు. నల్ల గోడ మీద అందరూ బాగుంటారు. తెల్ల గోడ మీద భుజాల చుట్టూ మురికి బయటపడుతుంది. ఎర్ర గోడ మీద జుట్టు చివర్లలో, చెవుల వెనక, పచ్చబట్ట నుంచి అంటుకున్న పచ్చదనం కనిపిస్తుంది. "మన దగ్గర బాగుంటే సరిపోదు. పంపిన మనిషిని అవతల ఏ గోడ ముందు నిలబెడతారో మనకి తెలియదు" అనేవారు. అని, "ఏం కనిపిస్తోంది?" అని అడిగేవారు. నేను చెప్పేదాన్ని. కుడి చెవి దగ్గర పచ్చ ఉంది, జడ చివర నలిగింది, పమిట అంచు శుభ్రం. ఆవిడ కళ్ళు సగం మూసుకుని వినేవారు. ఇంత ఓపిగ్గా నేర్పే గురువు ఎవరికి దొరుకుతుందని మా ఆయన దగ్గర గొప్పలు పోయేదాన్ని.

మంచు కరిగి రోడ్ల పక్కన నల్లగా మిగిలిన రోజుల్లో శారద గారి పని వచ్చింది. ఆవిడ భర్త రామ్మోహన్ గారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, మాట సగమయింది. ఒక్కతే కూతురు స్వాతి, ప్లేనోలో ఉద్యోగం, పెళ్ళి కూడా అక్కడే. ఆయన విమానం ఎక్కకూడదన్నారు డాక్టర్లు. ఆయన్ని వదిలి ఈవిడ వెళ్ళనంది. అందుకని ఇద్దరూ అక్షింతలు వేస్తున్నట్టు వీడియో తీస్తే, పెళ్ళి హాల్లో మండపం పక్కన పెద్ద తెర మీద వేస్తారు. తెర మీద వెనక ఏముండాలన్నది మగపెళ్ళివాళ్ళింకా తేల్చలేదు. ఒకరు గోపురం అంటే ఒకరు పూలతోట అంటున్నారు. మీరు మనుషుల్ని మాత్రం పంపండి, మిగతాది మేం చూసుకుంటామన్నారు హాలువాళ్ళు.

మధ్యాహ్నం పూట వాళ్ళింట్లోనే తీశాం. కర్టెన్ కడ్డీలకి పచ్చబట్ట కట్టాం. చక్రాల కుర్చీ ఇనుముకి పచ్చ అంటుకుంటుందని మెరూన్ శాలువా కప్పాం. పసుపు అక్షింతలైతే అంచులు పచ్చలో కలిసిపోతాయని వసుంధర గారు తనే కుంకుమతో కలిపి తెచ్చారు. ఫోన్లో ముందే పచ్చ కట్టొద్దని చెప్పారు కాబట్టి శారద గారు నేరేడుపండు రంగు పట్టుచీరలో ఉన్నారు.

"నన్ను... ఎక్కడికి పంపుతున్నారమ్మా?" అన్నారు రామ్మోహన్ గారు, మాట కూడగట్టుకుంటూ.

"ప్లేనోకండీ" అన్నాను.

"టికెట్?"

"అక్కర్లేదండీ. ఈ బట్ట ముందు కూర్చుంటే చాలు."

"ముందే చెబితే... ఇన్నేళ్ళూ ఇండియాకి... ఇలాగే వెళ్ళేవాణ్ణి."

"ఊరుకోండి, ఆయాసమొస్తుంది" అని శారద గారు ఆయన మూతి తుడిచారు. అప్పుడు చూశాను. రెండు చేతుల నిండా మట్టిగాజులు, అటూ ఇటూ ఒక్కో బంగారు గాజు. చిలకపచ్చ. బట్ట రంగుకీ వాటికీ వెంట్రుకంత తేడా లేదు. తీసి పెడతారా అని అడగబోతే ఆవిడే చెప్పారు: "ఈయన ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు వేసుకున్నానమ్మా. లేచి నడిచేదాకా తియ్యనని మొక్కుకున్నా."

వసుంధర గారి పక్కకి వెళ్ళి మెల్లగా అన్నాను, "గాజులు చిలకపచ్చండీ. బట్ట రంగే."

ఆవిడ తల పక్కకి తిప్పి చూశారు. "కాదు. ముదురాకుపచ్చ. విడదీస్తాను."

"కాదండీ, చిలకపచ్చే..."

"గాజుల కొట్టు తెనాల్లో పెట్టుకో అమ్మాయ్. ఇక్కడ కెమెరా నాది."

శారద గారు భర్త కుడి అరచేతిలో అక్షింతలు పోశారు. ఆ చెయ్యి దానంతటదే లేవదు. తన చెయ్యి దాని కిందికి పోనిచ్చి, రెండు చేతుల్నీ కలిపి పైకెత్తారు. గాజులు గలగలమని జారాయి. "చల్లగా ఉండు తల్లీ" అన్నారు ఆవిడ. ఆయన "స్వాతీ" అని మాత్రం అనగలిగారు.

మర్నాడు స్టూడియోలో పచ్చదనం తీసేశాం. వెనక ఖాళీ ఉన్నచోట కంప్యూటర్ బూడిదరంగు గళ్ళు చూపిస్తుంది, లుంగీ గళ్ళలాగా. వీడియో కదిలింది. చేతులు లేచాయి.

"ఏం కనిపిస్తోంది?" అన్నారు వసుంధర గారు.

వీడియో వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను.

"అమ్మాయ్, నిన్నే. ఏం కనిపిస్తోంది?"

"శారద గారి చెయ్యి తెగిపోయిందండీ. గాజులున్న మేర చెయ్యి లేదు. గళ్ళు కనిపిస్తున్నాయి."

"ఎర్ర గోడ పెట్టు."

పెట్టాను. మణికట్టు ఉండాల్సిన చోట ఎరుపు. అవతల అరచెయ్యి విడిగా తేలుతోంది, భర్త చేతిని మోస్తూ. కంటికి గాజుల్లేవు, చెవికి మాత్రం గలగలా వినిపిస్తున్నాయి.

"ఆ చప్పుడు ఆపు" అన్నారు. ఆపాను. "నాకు ముదురుగానే కనిపించాయి" అన్నారు, ఎవరికో సంజాయిషీ ఇస్తున్నట్టు.

అప్పుడు చెప్పారు. షుగర్ కళ్ళకెక్కి చాన్నాళ్ళయింది. నేరుగా చూస్తే నడిమధ్య పొగలా ఉంటుంది. పక్క నుంచి చూస్తే కొంచెం నయం. రంగులు కూడా ఒక్కొక్కటే మోసం చేస్తున్నాయి. ఇంజెక్షన్లు అవుతున్నాయి, తగ్గుతుందని ఎవరూ అనడం లేదు. కోడిపెట్టలా చూడటం, సగం మూసిన కళ్ళు, రోజూ అడిగే ఆ ప్రశ్న, అన్నీ నా ముందు బారులు తీరి నిలబడ్డాయి. గుమ్మం తొక్కిన మనిషి కొంటుందో కొనదో ముఖం చూసి చెప్పే ఇంటి పిల్లనై ఉండి, రోజూ పక్కన కూర్చున్న మనిషికి చూపు పోతోందని కనిపెట్టలేకపోయాను. నాకు చదువు చెబుతున్నారనుకున్నాను; నన్ను చేతికర్ర చేసుకున్నారన్నమాట. కోపం వచ్చింది.

"మన బేరంలో నన్ను ముంచారు" అన్నాను.

"ఎలా ముంచాను? ఎందుకో నేను చెప్పా, ఏమిటో నువ్వు చెప్పావు. చెల్లుకు చెల్లు." గొంతు తగ్గించారు. "ఇది ఎవరికీ చెప్పకు. పక్క కిరాణా కొట్టులో ఒక్కరికి తెలిస్తే చాలు, ఇంక నాకు పెళ్ళి వీడియో రాదు. ఇంకో పని చెయ్యడానికి ఈ కళ్ళు పనికిరావు."

గాజులున్న చోట చెయ్యి చెరిగిపోయింది, ఆదివారం నీలం బట్ట కట్టి మళ్ళీ తీద్దామని శారద గారికి ఫోన్ చేశాం. బట్ట ఇస్త్రీ చేసి పెట్టాను. శుక్రవారం రామ్మోహన్ గారిని మళ్ళీ ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఇంటికి తీసుకురాలేదు.

ఏడాది లోపే పిల్ల పెళ్ళి చేసెయ్యాలన్నారు పెద్దలు. ముహూర్తం ఆకులు రాలే కాలానికి వెనక్కి జరిగింది. ఒకరోజు స్వాతి ఫోన్ చేస్తే నేనే తీశాను. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు ఏరుకుని ఏరుకుని మాట్లాడుతుంది. "ఆంటీ, అమ్మ ఆ వీడియో వద్దు చెప్తుంది. డాడ్ ఒక్కరు ఉంటే చాలు అంటుంది. నాకు ఇద్దరూ కావాలి ఆంటీ. అమ్మ స్టేజ్ మీదకి రాను అంటుంది. వీడియోలో కూడా లేకపోతే అమ్మ ఎక్కడ ఉంటది నా పెళ్ళిలో?"

రెండు రోజులకి శారద గారు ఒక్కరే వచ్చారు. పాత అలవాటుగా నా కళ్ళు చేతుల మీదికి పోయాయి. మా కొట్టుకి అలాంటి చేతులు రావు. వస్తే అక్కచెల్లెళ్ళకి తోడు వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడతాయి.

చూస్తానన్నారు. వద్దని ఎంత చెప్పినా వినలేదు. చూశాక కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు. "నన్ను తీసెయ్యండమ్మా. ఆయన్ని ఒక్కరినే ఉంచండి. ముత్తయిదువులా తెర మీద కూర్చుని అక్షింతలు వేస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

బేరం అనగానే నాకు ప్రాణం లేచొస్తుంది, ఎంత చెడ్డ సమయమైనా సరే. "మొత్తం తీసేస్తే ఆయన చెయ్యి గాల్లో దానంతటదే లేచినట్టుంటుందండీ. మీ అరచెయ్యి ఒక్కటి ఉంచనివ్వండి" అన్నాను.

"సరే, అరచెయ్యి ఉంచు."

"ఒట్టి అరచెయ్యి ఎలా ఉంటుందండీ? పిల్ల జడుసుకుంటుంది. మోచెయ్యి దాకా ఇవ్వండి."

"మోచెయ్యి దాకానే."

"మోచేతికి పమిట తగిలి ఉందండీ. భుజం రాకుండా పమిట ఎలా కొయ్యను?"

"భుజం వస్తే ఇంక ముఖం మాత్రం ఎందుకు ఆగుతుంది, అడిగెయ్" అన్నారు శారద గారు. ఒక్క క్షణం ఆవిడ పెదవి నవ్వబోయినట్టే కదిలింది. అంతలోనే ముఖం నల్లబడింది. "వద్దమ్మా. నీకు అర్థం కాదు. ఆ మిషన్‌కి ముందే తెలిసింది. ఆయన బతికుండగానే నా గాజులు తీసేసింది. నేనే వాటిని వేసుకుని, ఆయన్ని పక్కన పెట్టుకుని, ఆ బట్ట ముందు కూర్చున్నాను. తియ్యనని మొక్కుకున్న గాజుల్ని నేనే తీయించుకున్నాను. అప్పటి నుంచి ఆయన కోలుకున్నారా చెప్పు?"

ఆవిడ అంతకాలంగా దేన్ని మోస్తూ తిరుగుతున్నారో అప్పుడు తెలిసింది. ఏదో ఒకటి చెప్పి దాటెయ్యొచ్చు. కంప్యూటర్ పాడయిందనొచ్చు, దీపం తక్కువైందనొచ్చు. నేనైతే అదే చెప్పేదాన్ని, అందులో సగమైనా నమ్మేలా చెప్పేదాన్ని. వసుంధర గారు కుర్చీ ఆవిడకి ఎదురుగా జరుపుకున్నారు.

"మిషన్‌కేం తెలియదండీ. నాకు కళ్ళు కనపడటం లేదు. గాజులదీ బట్టదీ ఒకటే పచ్చ. ఈ అమ్మాయి చెప్పింది కూడా, నేను వినలేదు. కళ్ళున్నవాళ్ళెవరైనా ఆ రోజు నీలం బట్ట కట్టేవారు. తప్పు నాది. మీ చేతిది కాదు, మీ మొక్కుది కాదు."

ఇదంతా ఒక్క గుక్కలో చెప్పారు, డీవీడీ ధర చెప్పినట్టు. పైన వెయ్యలేదు, కింద తగ్గించలేదు. నేను ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఆపబోయాను. ఆగలేదు.

శారద గారు ఆవిడ ముఖంలోకి చూశారు. "అంటే, రంగు రంగులో కలిసిపోవడమేనా?"

"అంతే."

"ఇంకేం లేదు కదా?"

"ఇంకేం లేదు."

అప్పుడు ఏడ్చారు. కళ్ళు తుడుచుకున్నాక, "మరి గాజులు మళ్ళీ వస్తాయా?" అని అడిగారు, చిన్నపిల్లలాగా.

వసుంధర గారు నా వైపు తల తిప్పారు. "ఈ అమ్మాయిని అడగండి. గాజుల కొట్టు వీళ్ళదే."

వస్తాయన్నాను. అన్నాక భయమేసింది. కంప్యూటర్ తీసేసిన చోట మళ్ళీ గాజు నిలవాలంటే వీడియోలోని ఒక్కొక్క బొమ్మ మీదా, ఒక్కొక్క గాజు చుట్టూ చేత్తో గీత గీసి, ఇది బట్ట కాదు, దీన్ని వదిలెయ్యి అని చెప్పాలి. చెయ్యి కదిలిన కొద్దీ గీత కూడా కదలాలి. ఆ వేసవంతా అదే పని. కొట్టులో ఎన్ని చేతులకి గాజులు తొడగగా చూశానో అవన్నీ అప్పుడు పనికొచ్చాయి. చెయ్యి లేస్తే ముందు మోచేతి వైపున్న గాజు జారుతుంది. మిగతావి దాని వెంట పడతాయి. మోచేతి దగ్గర కండకి తగిలి ఒక్కసారి వెనక్కి తుళ్ళుతాయి. వసుంధర గారు పక్కన కళ్ళు మూసుకుని కూర్చునేవారు. "ఏం కనిపిస్తోంది?" ఇప్పుడు ఆ ప్రశ్న ఎందుకో నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. అయినా అలాగే అడిగేవారు, నేనలాగే చెప్పేదాన్ని. "బంగారు గాజు ఆగింది. వెనకవి వచ్చి తగులుతున్నాయి. ఒకదాని మీద వెలుగు పడింది." ఇద్దరు మనుషుల్ని తెల్ల గోడ మీదా, నల్ల గోడ మీదా, ఎర్ర గోడ మీదా కూర్చోబెట్టి చూసి, ప్లస్ గుర్తు పెట్టి, ఆ బరువంతా ఒక హార్డ్ డిస్క్‌లో సర్ది ప్లేనోకి కొరియర్ చేశాం.

పెళ్ళయిన మర్నాడు శారద గారు ఫోన్ చేశారు. చివరికి వెనక పూలతోటే పెట్టారట. "నేను వెనక వరసలో కూర్చున్నా. తెర మీద మేమిద్దరం రాగానే స్వాతి పీటల మీద నుంచే దణ్ణం పెట్టింది. మా బావగారు ముఖం తిప్పుకున్నారు. తిప్పుకోనీ. గాజులు ఎంత బాగా మోగాయో! ఆ చప్పుడుకి నా పక్కనున్నావిడ నా చేతులకేసి చూసింది. కొంగులో పెట్టుకున్నా."

శారద గారు చెప్పింది చెడ్డ మనసుతో కాదు. వీడియో ఎవరు చేశారని అడిగినవాళ్ళందరికీ మెచ్చుకోలుగానే చెప్పారు: పాపం కళ్ళు కనపడకపోయినా ఎంత బాగా చేశారో అని. ఆ మెప్పు కిరాణా కొట్టు దాకా వచ్చింది. తర్వాత ఫోన్లు పలచబడ్డాయి. కుదిరిన పెళ్ళిళ్ళు కూడా మా కజిన్ తీస్తానన్నాడండీ అంటూ జారిపోయాయి. మరుసటి వేసవికి ముందే గదులు ఖాళీ చేసి, వసుంధర గారు నేపర్‌విల్‌లో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయారు. వెళ్ళేరోజు పచ్చబట్ట మడిచి నా చేతిలో పెట్టారు.

"చెప్పకుండా ఉండాల్సింది" అన్నాను. "ఆవిడ ఎలాగో సర్దుకునేది."

"ఎంతకి సర్దుకునేది?" అన్నారు.

మా ఆయన ప్రాజెక్టు మారి మేం ప్లేనో వచ్చాం. అప్పుడప్పుడు వసుంధర గారికి ఫోన్ చేసేదాన్ని. హలో అనక ముందే అడిగేవారు, "ఏం కనిపిస్తోంది?" చెప్పేదాన్ని: ఎదురింటి గరాజ్, ఎండకి మాడిన గడ్డి, బస్సు దిగుతున్న పిల్లలు, ఒకడి షూ లేసు ఊడింది. వింటూ ఉండేవారు. చివరిసారి మాట్లాడినప్పుడు, "ఇక్కడ మంచు పడుతోందంటున్నారు. నాకిప్పుడు అన్ని గోడలూ ఒకటే రంగు అమ్మాయ్" అన్నారు. ఆ చలికాలం దాటలేదు. వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసేటప్పటికే అన్నీ అయిపోయాయి.

ఈ ఏడు నాకు పని చేసుకోవచ్చని కార్డు వచ్చింది. పొద్దున వచ్చిన పెళ్ళికూతురే నా మొదటి గిరాకీ. ధర చెబితే సగం అడిగింది. ఆవిడైతే తలుపు వైపు చూసేవారు. నేను ఆనందం పట్టలేక గంట సేపు బేరమాడాను. కొన్ని నాకు ఈ జన్మకి రావు.

పిల్ల వెళ్ళాక పచ్చదనం తీశాను. తెల్ల గోడ పెట్టాను, నల్ల గోడ పెట్టాను, ఎర్ర గోడ పెట్టాను. ఇంట్లో ఎవరూ లేరు. అయినా అంచు నుంచి అంచు దాకా పైకే చెప్పాను. గాజులు ఉన్నాయండీ, అన్నీ ఉన్నాయి. పమిట అంచు శుభ్రంగా ఉంది. ఎడమ చెవి వెనక సన్నగా పచ్చ కనిపిస్తోంది. ఎవరికీ కనపడదు కానీ ఉంది. అప్పుడే పిల్లకి ఫోన్ చేసి చెప్పాను, నీ వీడియోలో ఒక తప్పుంది, రేపటికి సరిచేసి ఇస్తానని. "నేను చూడనే లేదు కదా అక్కా, ఎందుకు చెప్తున్నారు?" అంది.